మట్టి ఇటుకలో ఏం కలపాలి? మట్టి జబ్బును బట్టి మందు

మొదటిసారి నేను పోసిన పచ్చి ఇటుకల్లో వరిగడ్డి ఉంది, ఆవు పేడ ఉంది, బెల్లం నీళ్ళున్నాయి. "ఎందుకైనా మంచిది" అని వేసిన సిమెంటు కూడా ఉంది. నలుగురు నాలుగు చెప్పారు, నేను నాలుగూ వేశాను. మూడు వారాల తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుంటే అంచు పొడిపొడిగా రాలింది. పక్కనే, మిగిలిపోయిన మట్టితో ఏమీ కలపకుండా పోసిన రెండు ఇటుకలు మాత్రం గట్టిగా ఉన్నాయి. బెల్లం సిమెంటును బిగుసుకోనివ్వదని, పేడ కూడా అదే పని చేస్తుందని, సిమెంటు కోసం రోజూ తడపాల్సిన ఇటుకను నేను గడ్డి ఇటుకలా ఎండలో పడేశానని ఆ తర్వాత తెలిసింది.

కాబట్టి ఈ వ్యాసంలో "ఇది కలిపితే బలం" అనే జాబితా కోసం చూడకండి. మట్టిలో కలిపే ప్రతిదీ ఒక లోపానికి మందు. లోపాలు ప్రధానంగా నాలుగు. ఆరేటప్పుడు పగలడం, అంచులు పొడి రాలడం, తడికి కరిగిపోవడం, బరువు మోయలేకపోవడం. మీ మట్టికి ఏది ఉందో తెలిశాక మందు సంగతి. కొన్ని మందులు ఒకదానికొకటి పడవు కూడా.

ముందు మట్టి సంగతి

ఇటుకకు పనికొచ్చే మట్టిలో ఇసుక ఎక్కువ, బంకమట్టి తక్కువ ఉండాలి. బంకమట్టి జిగురు లాంటిది, ఇసుక ఎముక లాంటిది. చేత్తో అచ్చు పోసే పచ్చి ఇటుకకు బంక 15 నుంచి 30 శాతం మధ్య ఉంటే హాయి. ప్రెస్‌లో నొక్కి చేసే సిమెంటు ఇటుకకు అంతకంటే తక్కువైనా చాలు.

పైన అడుగు లోతు మట్టిని పక్కన పెట్టేయండి. అందులో వేర్లు, కుళ్ళిన ఆకులు ఉంటాయి. అది పొలానికి మంచిది, గోడకు చెడ్డది. దాని కింది మట్టే మనకు కావాలి.

మన నేలల్లో ఎర్రమట్టి, తెలంగాణలో చెల్క అనే ఎర్ర ఇసుక నేల ఈ పనికి బాగా కుదురుతాయి. చెల్కలో చాలాచోట్ల బంక కొంచెం తక్కువే, అంటే పగలదు కానీ అంచు రాలుతుంది. చెరువు మట్టికి జిగురు ఎక్కువ. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తవ్విన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నది అందులోని సారం కోసమే. ఆ సారమే ఇటుకకు ఇబ్బంది. చెల్క మట్టికి జిగురు కోసం నాలుగో వంతు చెరువు మట్టి కలపడం వేరు, మొత్తం చెరువు మట్టితోనే ఇటుక పోయడం వేరు.

నల్లరేగడి గురించి అడిగేవాళ్ళు చాలామంది. వేసవిలో కాలు దిగేంత నెర్రెలిచ్చే నేల అది. తడికి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఇటుక చేసినా ఆ గుణం పోదు. రెండింతలు ఇసుక, పైన సున్నం పడితే తప్ప లొంగదు. పక్క ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించుకుంటే ఖర్చు తక్కువే అవుతుంది.

చవుడు నేల మరో రకం మోసం. రాయలసీమలో మట్టి మిద్దెల మీద చవుడు పోస్తారు. వానకి తడవగానే దాని రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేసి నీళ్ళు కిందికి దిగకుండా చేస్తాయి. పడుకున్న మిద్దె మీద ఆ గుణం వరం. అదే మట్టిని నిలువు గోడలో పెడితే విడిపోయిన రేణువులు వాననీటితో జారిపోతాయి, పైన తెల్లగా ఉప్పు పూస్తుంది. చవుడు పూత మిద్దెకు, ఇటుకకు కాదు.

ఇక పరీక్షలు. నాలుగు చేయండి, లాబొరేటరీ అక్కర్లేదు.

ఒక పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి కదపకుండా పెట్టండి. నిమిషంలోపు అడుగున చేరేది ఇసుక. అరగంట నుంచి రెండు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. మర్నాటికి పైన తేరేది బంక. స్కేలుతో మూడు పొరలూ కొలవండి. నీళ్ళలో బంక ఉబ్బి ఉంటుంది కాబట్టి కనిపించే మందం కంటే అసలు బంక తక్కువే అని గుర్తుంచుకోండి.

రెండోది గోళీల పరీక్ష. తడి మట్టితో 2 సెంటీమీటర్ల గోళీలు ఐదారు చేసి రెండు రోజులు ఆరబెట్టండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే ఒక్కటీ పగలకపోతే బంక సరిపడా ఉంది. పగిలితే మట్టిలో జిగురు చాలదు. ఇది మన దేశంలో మట్టి కట్టడాల భూకంప రక్షణ కోసం 1993లో వచ్చిన ఐ.ఎస్. 13827 ప్రమాణంలో ఉన్న పరీక్షే.

మూడోది పెట్టె పరీక్ష, నాకు బాగా నచ్చినది. లోపల 60 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 లోతు ఉండే చెక్కపెట్టె చేయించండి. లోపల నూనె రాసి, తడి మట్టిని ఖాళీల్లేకుండా కూరి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక మట్టిని ఒక కొసకు జరిపి, మిగిలిన ఖాళీ కొలవండి. 2 సెంటీమీటర్లలోపు ఉంటే మంచి మట్టి. దాటితే అది పగిలే మట్టి, దానికి ఇసుకో గడ్డో సున్నమో పడాలి. ఖాళీ దాదాపు లేకుండా, కడ్డీ చేతిలోకి తీసుకోగానే విరిగిపోతే అది రాలే మట్టి.

నాలుగోది కళ్ళతో చూసేదే. ఆ పొలంలో వేసవిలో తెల్లటి పూత కనిపిస్తుందా? కనిపిస్తే ఉప్పు ఉన్నట్టు. సిమెంటు వేసినా సున్నం వేసినా కొన్ని లవణాలు లోపల ఉబ్బి ఇటుకను పగలగొడతాయి. మట్టి మార్చడమే మేలు.

ఇసుక: అందరూ మరిచిపోయే మందు

పగుళ్ళు కనిపించగానే జనం సిమెంటు బస్తా కోసం పరుగెడతారు. పగుళ్ళకు మొదటి మందు ఇసుక. పెట్టె పరీక్షలో 3, 4 సెంటీమీటర్లు ముడుచుకున్న మట్టికి మూడో వంతు గరుకు ఇసుక కలిపి మళ్ళీ పెట్టెలో పెట్టి చూడండి. చాలక పోతే సగానికి పెంచండి. సన్నటి ఇసుక వద్దు, గోడ ప్లాస్టరింగుకు వాడే మెత్తని రకం ఒండ్రులాగే ప్రవర్తిస్తుంది. క్రషర్ నుంచి వచ్చే రాతి ఇసుకైనా ఫరవాలేదు, దాని కోణాలు బంకను బాగా పట్టుకుంటాయి.

ఇసుక, బంక సరిగ్గా కుదిరిన మట్టికి చాలాసార్లు ఇంకేమీ అక్కర్లేదు.

గడ్డి, పీచు: చేత్తో పోసే ఇటుకకు

గడ్డి ఇటుకను రాయిలా చేయదు. ఆరేటప్పుడు ముడుచుకునే లాగుడును అక్కడక్కడా పట్టి ఆపుతుంది, అందుకే ఒక పెద్ద పగులు బదులు కంటికి కనిపించని చిన్న చిన్న పగుళ్ళు వస్తాయి. గడ్డి గొట్టాల వెంట లోపలి తడి బయటికి దారి చేసుకుంటుంది కాబట్టి ఇటుక ఒకేలా ఆరుతుంది. విరిగినా ఒక్కసారిగా రెండు ముక్కలవకుండా వేలాడుతుంది. భూకంపం మాట వస్తే ఆ వేలాడడమే విలువైనది.

వరిగడ్డిని 4 నుంచి 6 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. పొడి మట్టి బరువులో 1 శాతం చాలు, 2 దాటితే ఇటుక తేలికై బలం తగ్గుతుంది. తూకం లేకపోతే మూడు తట్టల మట్టికి ఒక తట్ట వదులుగా నింపిన గడ్డి తరుగు. కొబ్బరి పీచు తడిలో వరిగడ్డికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, కోనసీమ వైపు వాళ్ళకు అదే చవక. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండే గోగునార కూడా మంచి పీచు. అదే జాతి నారను పచ్చి ఇటుకల్లో వేసి పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో పరిశోధించారు. పొట్టి ముక్కలు కొద్దిగా వేస్తే మేలు చేశాయి, పొడుగు ముక్కలు ఎక్కువ వేస్తే కీడు చేశాయి. పీచు పొడవు ఎక్కువైతే ఉండలు కడుతుంది, ఉండ చుట్టూ మట్టి పట్టదు. వరి ఊక పగుళ్ళు కొంత తగ్గిస్తుంది కానీ పొట్టిది కాబట్టి విరిగిన ఇటుకను పట్టి ఉంచలేదు.

ఇప్పుడు పని. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి రోహిణి కార్తె రాకముందే ముగించుకోవాలి. గుంతలో మట్టి పోసి, నీళ్ళు పెట్టి కనీసం ఒక రాత్రి, కుదిరితే రెండు మూడు రోజులు నాననివ్వండి. పెళ్ళల్లోపలికి నీరు చేరడానికి అంత సమయం పడుతుంది. నానని పెళ్ళలు ఇటుకలో రాళ్ళలా ఉండిపోతాయి. తర్వాత గడ్డి చల్లుతూ కాళ్ళతో తొక్కండి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న పెద్దలు ఇటుకలు పోసినవాళ్ళు కాదేమో. ఈ పనికి అడుసు తొక్కాల్సిందే. (పచ్చి ఇటుకకు ఇంగ్లీషువాళ్ళు వాడే అడోబ్ అనే మాట మన అడుసు లాగే వినిపిస్తుంది కానీ చుట్టరికం లేదు. అది పాత ఈజిప్టు భాష నుంచి అరబ్బీ, స్పానిష్ మీదుగా వచ్చింది.)

తొక్కిన మట్టి చేతికి అంటుకోకుండా, వేలితో నొక్కితే గుంట నిలిచేంత గట్టిగా ఉండాలి. నీళ్ళు ఎక్కువైతే పని సులువు, పగుళ్ళు ఖాయం. అచ్చును తడిపి లోపల సన్న ఇసుక చల్లండి. ముద్దను ఒకేసారి బలంగా అచ్చులోకి విసరండి. చిన్న చిన్న ముద్దలు అతికిస్తే ఆ అతుకుల దగ్గరే విరుగుతుంది. మూలలు వేళ్ళతో కూరి, పైన చెక్కతో గీసి, అచ్చు నిటారుగా లేపండి.

మొదటి రెండు రోజులు నేరుగా ఎండ తగలనివ్వకండి, తాటాకులో గడ్డో కప్పండి. మూడో రోజు పక్కకు నిలబెట్టండి. వారం తర్వాత గాలి ఆడేలా పేర్చి, మొత్తం నాలుగు వారాలు ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలియాలంటే ఒకటి విరగ్గొట్టి చూడండి. మధ్యలో రంగు ముదురుగా ఉంటే ఇంకా తడి ఉంది.

గడ్డి ఉన్న గోడకు చెద భయం ఉంటుంది. వేప కషాయం లాంటివి కొన్నాళ్ళు పనిచేస్తాయి కానీ అసలు రక్షణ నేల తడి గోడకెక్కకుండా రాతి బేస్‌మెంట్ మీద కట్టడమే. చెదకు తడి కావాలి.

పేడ, పుట్టమన్ను, మొక్కల జిగురు

పేడలో రెండున్నాయి. పశువు కడుపులో నలిగిన సన్నటి పీచు ఒకటి, బంకతో కలిసి రేణువుల్ని పట్టి ఉంచే జిగురు పదార్థాలు మరొకటి. అందుకే పేడ కలిపిన మట్టి పొడి రాలదు, తడికి త్వరగా కరగదు. కరగదు అంటే వానలో నిలబడుతుందని కాదు, కాసేపు ఆగుతుందని. తాజా పేడ వాడండి, ఎండిన పిడకల పొడిలో పీచు తప్ప జిగురు మిగలదు. ఐదారు తట్టల మట్టికి ఒక తట్ట చాలు. కలిపి రెండు రోజులు మగ్గనిస్తే ఇంకా మంచిది, వాసన ఆరాక పోతుంది. ఇటుకకన్నా పైపూతలో పేడ ఎక్కువ ఉపయోగం అని నా అనుభవం. ఇల్లు అలికే చేతులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

పుట్టమన్ను చెదపురుగులు నోటితో తడిపి, రేణువు రేణువు అతికించి కట్టినది. రాళ్ళుండవు, బంక ఎక్కువ. రాలే మట్టికి ఐదో వంతు కలిపితే తేడా తెలుస్తుంది. పాడుబడిన పుట్టల మన్నే తవ్వుకోండి. నాగులచవితికి పాలు పోసే పుట్ట జోలికి పోతే ఊళ్ళో మాట పడతారు, పాము ఉంటే మాట కూడా పడక్కర్లేదు.

మెక్సికోలో నాగజెముడు ఆకుల్ని ముక్కలు కోసి నీళ్ళలో నానబెట్టి, తీగలు సాగే ఆ జిగురు నీటిని మట్టి పూతలో కలుపుతారు. మన దగ్గరా ఆ మొక్కకు కొదవ లేదు. ముళ్ళకు జాగ్రత్త పడి చేసుకోవచ్చు, కలబంద గుజ్జు కూడా అలాగే పనిచేస్తుంది. గంజి కూడా పూతకు పట్టునిస్తుంది కానీ పురుగుల్ని పిలుస్తుంది. అవిసె నూనెను మట్టి నేలల మీద వేడిగా పూస్తే పొరలా బిగుసుకుంటుంది. ఇవన్నీ పైపూత మందులు. వేల ఇటుకల్లోకి కలపడానికి ఎవరికీ అంత ఓపిక, అంత సరుకు ఉండవు.

బెల్లం, కరక్కాయ మన పాత డంగు సున్నంలో పడేవి. గానుగలో సున్నం, ఇసుక, ఇటుక పొడి రుబ్బేటప్పుడు ఆ నీళ్ళు పోసేవారు. వాటి చోటు సున్నంతోనే. సిమెంటుతో బెల్లం వేస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

సున్నం: జిగురు మట్టికి అసలు మందు

బంక ఎక్కువున్న మట్టికి సిమెంటు వేస్తే దండగ, అది జిగట ముద్దల లోపలికి చేరదు. అక్కడ సున్నం వాడాలి. సున్నం రెండు విడతల్లో పనిచేస్తుంది. మొదటి కొన్ని గంటల్లోనే బంక రేణువులు గుంపులు కట్టి, జిగట పోయి, మట్టి పొడిపొడిగా చేతికి వస్తుంది. ఉబ్బే గుణం తగ్గుతుంది. రెండో పని నెమ్మది. బంకలోని సిలికా, అల్యూమినాతో సున్నం కలిసి, సిమెంటులో ఉండే లాంటి జిగురును వారాలు, నెలల మీద తయారు చేస్తుంది. చెల్క లాంటి ఇసుక మట్టిలో ఈ రెండో పనికి సరుకే ఉండదు, అందుకే అక్కడ సున్నం వేసి ఏమీ కాలేదని తిట్టుకోకూడదు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పేరు తెలియని మేస్త్రీ ఉండడు. అక్కడి నుంచి రాళ్ళ సున్నం తెచ్చి నీళ్ళతో మీరే విరుచుకోవచ్చు, లేదా విరిచిన పొడి బస్తాలు కొనుక్కోవచ్చు. రాళ్ళ సున్నాన్ని విరిచేటప్పుడు అది కుతకుతా ఉడుకుతుంది. నీళ్ళలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి వెళ్ళకండి, పిల్లల్ని రానివ్వకండి. కంట్లో పడితే చాలాసేపు మంచినీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చాలాకాలం తెరిచి ఉన్న బస్తా కొనకండి, గాలి తగిలి అది మళ్ళీ సున్నపురాయి పొడి అయిపోయి ఉంటుంది.

మోతాదు పొడి మట్టి బరువులో 6 నుంచి 10 శాతం. ఇక్కడ ఒక తికమక ఉంది, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. విరిచిన సున్నం పొడి చాలా తేలిక. సిమెంటు లెక్కన 18 డబ్బాల మట్టికి ఒక డబ్బా వేస్తే బరువులో రెండు, రెండున్నర శాతమే పడుతుంది. 8 శాతం కావాలంటే ఐదారు డబ్బాల మట్టికి ఒక డబ్బా పోయాలి. కుదిరితే తూకమే వేయండి.

తడి మట్టిలో సున్నం కలిపి, పట్టా కప్పి ఒక రోజు మగ్గనివ్వండి. మర్నాడు మళ్ళీ కలిపి అచ్చు పోయండి లేదా ప్రెస్‌లో నొక్కండి. తర్వాత ఆరనివ్వడం కాదు, తేమ పోకుండా ఆరు వారాలైనా కప్పి ఉంచాలి. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల దగ్గరుండేవాళ్ళు ఫ్లై యాష్, అంటే అక్కడ బొగ్గు కాలాక మిగిలే సన్నటి బూడిద, 15 నుంచి 20 శాతం కూడా కలపవచ్చు. బంక తక్కువున్న మట్టిలో సున్నానికి కావలసిన సిలికాను బూడిద ఇస్తుంది. మిర్యాలగూడ లాంటి రైసు మిల్లుల ఊళ్ళలో ఊక బూడిద కూడా అదే పని చేస్తుంది. బూడిదరంగులో, తెల్లగా ఉన్నది తీసుకోండి. నల్లగా ఉన్నదాంట్లో బొగ్గు ఎక్కువ, పని తక్కువ.

సిమెంటు: ఇసుక మట్టికి, ప్రెస్ ఉంటేనే

సిమెంటు ఇసుక రేణువుల్ని అతికిస్తుంది. కాబట్టి దాని చోటు చెల్క, మొరం లాంటి ఇసుక మట్టి. కానీ మట్టి ఒత్తిడిగా కూరకపోతే రేణువుల మధ్య ఖాళీలుంటాయి, సిమెంటు వాటిని నింపలేదు. అందుకే ప్రెస్ కావాలి. 1950లలో కొలంబియాలో సిన్వా-రామ్ అనే చేతి ప్రెస్ తయారైంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలైన అస్త్ర కేంద్రం నుంచి మర్దిని అనే ప్రెస్ వచ్చింది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఆరమ్ ప్రెస్‌లను రూపొందించింది, శిక్షణా ఇస్తుంది. అక్కడ మామూలుగా వాడే సిమెంటు 5 శాతమే, వాటితో మూడంతస్తులు కూడా కట్టారు. చేత్తో పోసిన జారుడు మట్టిలో 5 శాతం సిమెంటు వేసి అలాంటి ఫలితం ఆశించకండి.

లెక్క చూద్దాం. 30×15×10 సెంటీమీటర్ల ఇటుక ఘనపరిమాణం నాలుగున్నర లీటర్లు. నొక్కిన ఇటుక ఆరాక దాదాపు 8.4 కిలోలు తూగుతుంది. వంద ఇటుకలకు 790 కిలోల మట్టి. 6 శాతం అంటే 47 కిలోల సిమెంటు. గుర్తుకు తేలిగ్గా వంద ఇటుకలకు ఒక బస్తా. డబ్బాల్లో అయితే 18 మట్టికి 1 సిమెంటు.

మట్టిని జల్లించి, పొడిగా ఉన్నప్పుడే సిమెంటు కలిపి రంగు ఒకేలా అయ్యేదాకా తిరగేయండి. తర్వాత నీళ్ళు చిలకరించండి, పోయకండి. తేమ సరిపోయిందో తెలియడానికి పిడికెడు మట్టి ఉండ చేసి భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి. పొడిగా చెదిరిపోతే నీళ్ళు చాలవు, చపాతీలా పరుచుకుంటే ఎక్కువయ్యాయి.

నీళ్ళు తగిలాక ముప్పావు గంటలో ఆ కుప్ప అయిపోవాలి. బిగుసుకున్న కుప్పకు మళ్ళీ నీళ్ళు పోసి లేపే అలవాటు చాలా సైట్లలో ఉంది. ఆ ఇటుకలు చూడ్డానికి బాగానే ఉంటాయి, మొదటి వానకు బయటపడతాయి. పావు బస్తా, అర బస్తా చొప్పున కలుపుకోండి.

నొక్కిన ఇటుకల్ని నీడలో పేర్చి రెండు రోజులు ప్లాస్టిక్ పట్టాతో మూసేయండి. తర్వాత 28 రోజులు రోజూ తడపండి, కప్పి ఉంచండి. ఎండాకాలంలో ఒక రోజు మరిచిపోయినా పై పొర బలహీనపడుతుంది. ఈ ఇటుకలో గడ్డి వేయకండి, ప్రెస్ నుంచి తీయగానే గడ్డి స్ప్రింగులా లేచి ఇటుకను పొరలుగా చీలుస్తుంది.

తారు, ప్లాస్టిక్, డబ్బాల్లో వచ్చే మందులు

తడికి కరగని ఇటుక కావాలి, ప్రెస్ లేదు, చేత్తోనే పోయాలి. అలాంటప్పుడు తారు ఎమల్షన్, అంటే నీళ్ళలో సన్నటి బొట్లుగా కలిపి అమ్మే తారు. కాలిఫోర్నియాలో, అమెరికా నైరుతి రాష్ట్రాల్లో పచ్చి ఇటుకల వ్యాపారం చాలావరకు దీని మీదే నడుస్తుంది. తారు బలం ఇవ్వదు, బంక రేణువుల చుట్టూ సన్నటి పొరలా పట్టి నీటిని రానివ్వదు. రోడ్డు పనికి వాడే ఎమల్షన్లలో నెమ్మదిగా విడిపోయే రకం అడిగి తెచ్చుకోండి. త్వరగా విడిపోయేది మట్టిలో పడగానే ఉండలవుతుంది. 3 నుంచి 5 శాతం ఎమల్షన్‌ను ముందు నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళతో ఇసుక ఎక్కువున్న మట్టిని తొక్కాలి. కాచిన తారు తడి మట్టిలో కలవదు, కిరోసిన్‌లో కరిగించిన తారుతో మంట ప్రమాదం, రెండూ వద్దు. ఇటుక కొంచెం ముదురు రంగులో వస్తుంది, వాసన కొన్నాళ్ళుంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కలపమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అది మట్టికి పట్టదు, ఒంటికి మంచిది కాదు.

ప్లాస్టిక్ పీచు గడ్డి చేసే పనే చేస్తుంది, కుళ్ళదు, చెద తినదు. కాంక్రీటుకు అమ్మే 12 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ పీచు బరువులో 0.1 నుంచి 0.3 శాతం చాలు. యూరియా గోతాల దారాలు కూడా అదే పదార్థం. దారాలు విడదీసి 4 సెంటీమీటర్లకు కత్తిరించి వాడుకోవచ్చు, ఓపిక ఉంటే. ఇబ్బంది ఏమిటంటే ఆ గోడ రేపు కూలిస్తే మట్టి మట్టిలో కలిసిపోదు, ముక్కలు పొలంలో ఏళ్ళ తరబడి ఉంటాయి. గడ్డి దొరికే ఊళ్ళో నేనైతే వాడను.

ఫెవికాల్ లాంటి జిగురు కలిపితే ఎండలో గట్టిగా ఉంటుంది, తడిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. సోడియం సిలికేట్ పైపూత గట్టిపరుస్తుంది కానీ తెల్ల ఉప్పు పూతకు దారితీస్తుంది. సిలికోనేట్, సిలేన్ రకం నీటి నిరోధక స్ప్రేలు మాత్రం పనికొస్తాయి. నీటి బొట్టును జారిస్తాయి, లోపలి ఆవిరిని ఆపవు. అక్రిలిక్ పెయింట్ ఆవిరిని అడ్డుకుంటుంది. కింది నుంచి ఎక్కిన తడి లోపలే చిక్కి, పెయింటును మట్టితో సహా పెచ్చులుగా లేపుతుంది.

వేలల్లో పోసే ముందు ముప్పై

ఐదు రకాల మిశ్రమాలు, ఒక్కో రకం ఆరు ఇటుకలు. ఒకటి ఏమీ కలపనిది తప్పకుండా ఉండాలి, అది లేకపోతే మందు పనిచేసిందో లేదో పోల్చి చూసే దారి ఉండదు. తడిగా ఉండగానే మేకుతో నంబరు గీయండి. మట్టి ఎన్ని డబ్బాలు, మందు ఎంత, నీళ్ళు ఎన్ని, ఏ రోజు పోశారు అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు.

నాలుగు వారాలయ్యాక (సున్నం ఇటుకలకైతే ఆరు వారాలయ్యాక) మొదటి పరీక్ష మనిషి బరువు. రెండు ఇటుకల మీద మూడోదాన్ని వంతెనలా పెట్టి మధ్యలో నెమ్మదిగా ఎక్కి నిలబడండి. ఐ.ఎస్. 13827 చెప్పేది ఇదే, మనిషి బరువుకు విరిగితే మట్టిలో బంక, పీచు పెంచాలి.

రెండోది చుక్కల పరీక్ష, న్యూజిలాండ్ మట్టి కట్టడాల ప్రమాణంలో ఉంది. ఇటుకను ఏటవాలుగా పెట్టి, 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గుడ్డ ఒత్తి ద్వారా 100 మిల్లీలీటర్ల నీటిని చుక్కలు చుక్కలుగా ఒకేచోట పడనివ్వండి. 20 నిమిషాల నుంచి గంటలోపు ఆ నీళ్ళన్నీ పడాలి. ఏర్పడిన గుంటను అగ్గిపుల్లతో కొలవండి. 5 మిల్లీమీటర్లలోపు ఉంటే చాలా బాగుంది. 15 కి చేరితే ఆ మిశ్రమం వదిలేయండి.

మూడోది సిమెంటు, సున్నం, తారు ఇటుకలకే. రాత్రంతా నీళ్ళ తొట్టిలో ముంచి, పొద్దున్నే తీసి అలా తడిగానే మళ్ళీ మనిషి బరువు పరీక్ష చేయండి. తడిసిన ఇటుక బలం ఎండినదానిలో సగం దాకా పడిపోవడం మామూలే. అసలు లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ సగాన్నే. గడ్డి ఇటుకను ముంచితే కరుగుతుంది, అది దాని తప్పు కాదు, దాన్ని తడవని చోట పెట్టాలి.

రెండంతస్తులు కట్టేవాళ్ళు, బ్యాంకు లోను తీసుకునేవాళ్ళు ఈ పరీక్షలతో ఆగకండి. మిశ్రమం తేలాక ఆరు ఇటుకల్ని దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ లాబ్‌కు ఇచ్చి తడి బలం పరీక్ష చేయించండి. నొక్కిన ఇటుకలకు ఐ.ఎస్. 1725 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం చేయమని అడగండి.

గోడలోకి వెళ్ళాక

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ళు చూశారా? కప్పు చూరు దాదాపు నేలకు తాకేంత కిందికి దిగి ఉంటుంది, మట్టి గోడ బయటికి కనిపించనే కనిపించదు. రెండు అడుగుల చూరు, అడుగున్నర రాతి బేస్‌మెంట్ ఉంటే మామూలు గడ్డి ఇటుక చాలు. అవి లేకపోతే 8 శాతం సిమెంటు కూడా గోడను ఎక్కువ కాలం కాపాడలేదు. ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు చూరుకు పెట్టండి.

కట్టేటప్పుడు ఇటుక ఏ మట్టితో చేశారో ఆ మట్టితోనే, ఇసుక కొంచెం పెంచి అడుసు కలపండి. గడ్డి ఇటుకల మధ్య గట్టి సిమెంటు మాలు పెడితే గోడ కదిలినప్పుడు పగులు అతుకులో రాక ఇటుకలోంచి పోతుంది. గడ్డి ఇటుక గోడ మీద సిమెంటు ప్లాస్టరింగు కూడా అంతే. రెండూ ఒకేలా ఉబ్బవు, ముడుచుకోవు. సందులోంచి దిగిన నీళ్ళు వెనక నిలిచి ఒకరోజు పలకలా ఊడిపడుతుంది. మట్టి, పేడ పూత లేదా సున్నం పూత వేయండి.

పని అయిపోయాక అదే మట్టి నాలుగు తట్టలు జల్లించి, ఒక డ్రమ్ములో మూత పెట్టి దాచండి. మిశ్రమం కొలతలు డ్రమ్ము మీదే పెయింటుతో రాయండి. మూడేళ్ళకో నాలుగేళ్ళకో కిటికీ మూల దగ్గర పూత లేస్తుంది, అప్పుడు ఆ మట్టే కావాలి.